సమ్మె వద్దంటే సరే, మరి మా మాట వినేదెవరు?

"పోలీసులు, ఫైర్ సిబ్బంది లాంటి వాళ్లకు సమ్మె చేసే హక్కు ఉండాలా?" అని అడిగారు. ఫైర్ సర్వీసులో పనిచేసి రిటైరైన మనిషిగా చెప్తున్నాను, ఉండాలి. అది కుదరదంటే, గడువులోగా తీర్పు చెప్పే మధ్యవర్తి ఉండాలి, ఆ తీర్పుకు ప్రభుత్వం కూడా కట్టుబడి తీరాలి. రెండూ ఇవ్వకుండా ఏడాదికోసారి దండ వేసి "మీరు హీరోలు" అంటే నాకు ఒళ్లు మండుతుంది.

ఒక రాత్రి గోడౌన్‌లో మంటలు. లోపల పొగకి సొంత చెయ్యి కనపడటం లేదు. మా బండిలో పనిచేసే బ్రీతింగ్ సెట్లు రెండే, అందులో ఒకదాని మాస్క్ రబ్బరు దవడ దగ్గర చీలిపోయి ఉంది. అదే నాకు వచ్చింది. చీలిక లోంచి గాలి బుస్సుమని పోతూనే ఉంది, దాంతో సిలిండర్ ఖాళీ అవుతోందని హెచ్చరించే విజిల్ మేం అనుకున్నదానికంటే చాలా ముందే మోగింది. విజిల్ మోగితే బయటికి రావడమే, ఇంకో ఆలోచన ఉండకూడదు. నా జతగాడి సిలిండర్‌లో ఇంకా గాలి ఉంది, కానీ ఒక్కణ్ణే లోపల వదలకూడదు కదా, ఇద్దరం మోకాళ్ల మీద పాకుతూ, హోస్ కప్లింగులు (నీటి పైపుల అతుకులు) గ్లవ్స్‌తో తడిమి బండి ఎటువైపుందో తేల్చుకుంటూ బయటపడ్డాం. ఆ చిరిగిన మాస్క్ సంగతి నెలల తరబడి రిజిస్టర్‌లో రాస్తూనే ఉన్నాం. బడ్జెట్ రాగానే చూస్తాం, ఎప్పుడూ ఇదే జవాబు.

ఆ తర్వాత స్టేషన్‌లో అందరం ఒక మాట అనుకున్నాం. కాల్ వస్తే వెళ్తాం, కానీ పరేడ్లు, ప్రదర్శనలు, పెద్దల సభల దగ్గర బండి నిలబెట్టి కాపలా కాయడం మానేస్తాం. (ఆ కాపలా సంగతి వేరే రాయాలి, ఉపన్యాసం అయ్యేదాకా ఒక బండి, మొత్తం క్రూ అక్కడే ఇరుక్కుపోతుంది.) ముందు మెమోలు వచ్చాయి, వాటి వెనకే కొత్త మాస్కులూ వచ్చాయి. అన్నాళ్లూ కదలని ఫైలు ఒక సభకు బండి వెళ్లని రోజున కదిలింది.

సమ్మె వద్దనేవాళ్లు వెంటనే అమెరికాలోని బోస్టన్‌లో 1919లో జరిగిన పోలీసు సమ్మె గుర్తుచేస్తారు. నిజమే, లూటీలు జరిగాయి, ప్రాణాలు పోయాయి. ప్రజల భద్రతకు వ్యతిరేకంగా సమ్మె చేసే హక్కు ఎవరికీ, ఎక్కడా, ఎప్పుడూ లేదని గవర్నర్ కూలిడ్జ్ అన్నాడు, తర్వాత దేశాధ్యక్షుడూ అయ్యాడు. సమ్మె చేసిన వెయ్యి మందికి పైగా పోలీసుల ఉద్యోగాలు పోయాయి. కానీ వాళ్ల స్థానంలో చేర్చుకున్న కొత్తవాళ్లకు జీతాలు పెంచారు, యూనిఫాం ఉచితంగా ఇచ్చారు! అంటే ఇవ్వగలిగే స్తోమత ముందునుంచీ ఉంది. అడిగినప్పుడే ఇచ్చి ఉంటే ఆ రాత్రులు వచ్చేవే కావు.

1969 అక్టోబర్ 7న కెనడాలోని మాంట్రియల్‌లో పోలీసులు, ఫైర్ సిబ్బంది విధులు మానేస్తే ఆ ఒక్కరోజులోనే బ్యాంకు దోపిడీలు, అల్లర్లు జరిగాయి. అందుకే పోలీసుల విషయంలో నేనూ కొంచెం వెనక్కి తగ్గుతాను, వాళ్లకు మధ్యవర్తి దారే మేలు. మాకు మాత్రం కాల్స్‌కు కనీస సిబ్బందిని ఉంచి మిగతా పనులు ఆపే హక్కయినా ఇవ్వాలి.

ఇదేమీ నా సొంత కోరిక కాదు. సమ్మెను నిషేధించిన చోట నిష్పాక్షికంగా, త్వరగా తేల్చే, రెండు పక్షాలూ కట్టుబడే మధ్యవర్తిత్వం ఉండాలని అంతర్జాతీయ కార్మిక సంస్థ కమిటీలు ఎప్పటినుంచో చెప్తున్నాయి. నిషేధం మాత్రం అందరికీ గుర్తుంటుంది, రెండో సగం దగ్గరకొచ్చేసరికి చెవులు మూసుకుంటారు. నన్నడిగితే ఆ మధ్యవర్తికి మూడు నెలలు గడువు పెట్టాలి, అది దాటితే సమ్మె నోటీసు ఇచ్చే హక్కు దానంతటదే మాకు తిరిగి రావాలి.