నాన్న వైద్యం గురించి మేనకోడలికి ఉత్తరం

చి. అమ్మడుకి మేనత్త ఆశీస్సులు.

నాన్నకి నోటి క్యాన్సర్ అని బయాప్సీలో, అంటే చిన్న ముక్క తీసి చేసే పరీక్షలో, తేలిందని విన్నప్పటి నుంచి నా మనసంతా మీ ఇంట్లోనే ఉంది. మీ మావయ్యకి ఇదే జబ్బు వచ్చినప్పుడు ఎవర్ని ఏం అడగాలో చెప్పేవాళ్లు నాకు లేరు. నీకు ఆ కష్టం రాకూడదని ఇంత వివరంగా రాస్తున్నాను.

నెట్‌లో ఎక్కడ చూడాలి అని అడిగావు. ముందు ఆసుపత్రిలోనే అడుగు తల్లీ. మనకి కావలసిన సమాచారం చాలావరకు అక్కడి మనుషుల దగ్గరే ఉంటుంది. కానీ ఆ రద్దీలో వాళ్లంతట వాళ్లు వచ్చి చెప్పరు, మనమే వెళ్లి అడగాలి.

అమ్మానాన్నలకి దగ్గర్లో ఉన్నది విశాఖ అగనంపూడిలోని హోమీ భాభా క్యాన్సర్ ఆసుపత్రి. ముంబై టాటా మెమోరియల్ సెంటర్ కిందే నడుస్తుంది. నువ్వు ఉండేది హైదరాబాద్‌లో కాబట్టి అక్కడికి తీసుకెళ్దామనిపిస్తుంది. రెడ్‌హిల్స్‌లోని ఎం.ఎన్.జె. కూడా క్యాన్సర్ కోసమే ఉన్న ప్రభుత్వ ఆసుపత్రి. అయితే ఉచిత వైద్యానికి మన ఆంధ్రా ప్రభుత్వం ఇచ్చిన కార్డు అక్కడ చెల్లుతుందో లేదో ముందే కనుక్కో. రేడియేషన్ అంటే వారాల తరబడి దాదాపు రోజూ వెళ్లాలి. నాన్న ఇంటి తిండికి, అమ్మకి దూరంగా అన్నాళ్లు ఉండగలడా అన్నది కూడా ఆలోచించు.

ఏ ఆసుపత్రికి వెళ్లినా ముందు ఆరోగ్యమిత్రని, అంటే ప్రభుత్వ ఉచిత వైద్య పథకం తరఫున అక్కడ ఉండే మనిషిని, కలువు. కొన్నిచోట్ల వైద్యమిత్ర అంటారు. మన రాష్ట్ర పథకం ఎన్టీఆర్ వైద్య సేవలో ఏది ఉచితం, దేనికి ముందు అనుమతి రావాలి, ఏ కాగితాలు కావాలి, అన్నీ ఆ మనిషే చెప్పాలి. పథకంలో ఉన్న చికిత్సకి ఎవరైనా డబ్బు అడిగితే 104కి ఫోన్ చెయ్యి. మొహమాటపడకు. ఆసుపత్రిలో రైల్వే రాయితీ ఫారం కూడా అడిగి తీసుకో. చికిత్సకి వెళ్లే క్యాన్సర్ రోగికి స్లీపర్‌లో, థర్డ్ ఏసీలో టికెట్ పూర్తిగా ఉచితం. తోడు వెళ్లే మనిషికి 75 శాతం తగ్గిస్తారు.

డాక్టర్ దగ్గరికి ప్రశ్నలు రాసుకుని వెళ్లు. జబ్బు ఏ స్టేజీలో ఉంది, ఈ చికిత్స పూర్తిగా నయం చేయడానికా, బాధ తగ్గించడానికా, ఆపరేషన్ తర్వాత మాట ఎలా ఉంటుంది, మింగడం ఎలా, ఈ నాలుగూ తప్పకుండా అడుగు. నోటి క్యాన్సర్‌లో చాలామంది అడగని సంగతులు ఇంకొన్ని ఉన్నాయి. రేడియేషన్ మొదలుపెట్టకముందే పళ్ల డాక్టర్‌కి చూపించాలి. పాడైన పన్ను ఉంటే అప్పుడే తీసేస్తారు, తర్వాత తీస్తే దవడ ఎముక మానడం కష్టమవుతుంది. నోరు బిగుసుకుపోకుండా వ్యాయామాలు ఉంటాయి, అవి మొదటి నుంచీ నేర్పించమను. మాట, మింగడం నేర్పే థెరపిస్టు, డైటీషియన్ ఉన్నారేమో అడుగు. ముక్కులోంచి ట్యూబు వేయాల్సి వస్తే దానితో తిండి ఎలా పెట్టాలో ఇంటికి పంపేముందే నర్సు చేత నీకూ అమ్మకీ చేయించి చూపించమను.

వాట్సాప్‌లో చుట్టాలు పంపే ఆకు పసరు వైద్యాల జోలికి పోకు. పంచదార, అన్నం మానిపిస్తే క్యాన్సర్ చచ్చిపోతుందని చెప్పేవాళ్లూ వస్తారు. అసలే మింగలేని మనిషికి తిండి తగ్గిస్తే చికిత్స తట్టుకునే బలం ఉండదు. డాక్టర్ చెప్పింది సరైనదేనా అని అనుమానం వస్తే బయాప్సీ స్లైడ్లు, బ్లాకులు (తీసిన ముక్కని దాచిన మైనం దిమ్మలు) అడిగి తీసుకుని ఇంకో క్యాన్సర్ డాక్టర్‌కి చూపించు. అది రోగికి ఉన్న హక్కు. నవ్య అనే ఆన్‌లైన్ సేవలో రిపోర్టులు పంపితే టాటా మెమోరియల్ నిపుణుల అభిప్రాయం కూడా వస్తుంది.

నొప్పి గురించి గట్టిగా చెబుతున్నాను. నొప్పి, బాధ తగ్గించే వైద్యాన్ని పాలియేటివ్ కేర్ అంటారు, అది ఆఖరి రోజులకే అనుకుని భయపడకు. నొప్పి మొదలైన రోజే వాళ్ల దగ్గరికి తీసుకెళ్లు. గట్టి నొప్పి మందు మార్ఫిన్ రాస్తే అలవాటైపోతుందని అమ్మ కంగారు పడుతుంది. డాక్టర్ చెప్పిన మోతాదులో ఇస్తే ఆ భయం అక్కర్లేదని నచ్చజెప్పు. మీ మావయ్య నొప్పి తగ్గాకే నాలుగు ముద్దలు తిని, కాస్త నిద్రపోగలిగారు.

"ఖైనీ నమిలావు, అనుభవిస్తున్నావు" అని నాన్నతో ఎవర్నీ అననివ్వకు. వాడికి ఇప్పుడు కావలసింది ఇదే ఆపరేషన్ చేయించుకుని తిరుగుతున్న ఇంకో మనిషి. ఆసుపత్రిలో సోషల్ వర్కర్‌ని అడిగితే అలాంటి పాత పేషెంట్‌ని కలిపిస్తారు. మనం వంద చెప్పినా రాని ధైర్యం ఆ ఒక్క మనిషిని చూస్తే వస్తుంది. రాత్రుళ్లు నీకే టెన్షన్ ఎక్కువైతే మనసు బాగోనప్పుడు మాట్లాడే ప్రభుత్వ సహాయ నంబరు 14416 టెలీ మానస్‌కి ఫోన్ చెయ్యి, ఉచితం, తెలుగులోనే మాట్లాడతారు. చూసుకునే వాళ్లకి కూడా అది వర్తిస్తుంది.

రిపోర్టులన్నీ తేదీల వారీగా ఒకే ఫైల్‌లో పెట్టు. ఆధార్, రేషన్ కార్డు జిరాక్సులు నాలుగైదు తీయించు. ఆదివారం నేను బయల్దేరి వస్తున్నాను. సోమవారం ఓపీకి నేనూ మీతో వస్తాను, ప్రశ్నల కాగితం మాత్రం ఈలోపే నువ్వు రాసి ఉంచు.

మీ అత్త