బొమ్మ గురించి రాయి తమ్మీ

తమ్మీ,

కుర్చీ రాజకీయాన్ని వెక్కిరించిన హిందీ సినిమా 'కిస్సా కుర్సీ కా' మీద నువ్వు పంపిన వ్యాసం చదివాను. భాష బాగుంది. కానీ ఆరు పేజీల్లో సినిమా ఎక్కడుంది? 1975 ఏప్రిల్‌లో సెన్సారుకు పోవడం, 51 అభ్యంతరాలు, ఎమర్జెన్సీ, ప్రింట్లు ఎత్తుకెళ్లి గుర్గావ్‌లోని మారుతీ ఫ్యాక్టరీలో తగలబెట్టారన్న కేసు, 1979లో సంజయ్ గాంధీకి, ఎమర్జెన్సీ నాటి సమాచార మంత్రి వి.సి. శుక్లాకు శిక్ష, పై కోర్టులో అది రద్దు కావడం, అన్నీ వరసగా ఉన్నాయి. సినిమా చూడనివాడు కూడా ఇదంతా రాయగలడు. 51 అభ్యంతరాల్లో ఒక్కటైనా ఏ సీను మీదో పట్టుకునే ప్రయత్నం చేశావా?

'కాలిపోయిన సినిమాను నా కళ్లతో చూశాను' అన్న వాక్యం దగ్గర నాకు కోపం వచ్చింది. కాలిపోయింది కాలిపోయింది. నువ్వు చూసింది ఎమర్జెన్సీ పోయాక దర్శకుడు అమృత్ నహతా మళ్లీ తీసి 1978లో విడుదల చేసిన బొమ్మ. మొదటిది తీసినప్పుడు ఆయన అధికార పార్టీ ఎంపీ, బాడ్మేర్ నుంచి గెలిచినవాడు. సొంత పార్టీ కుర్చీని, సంజయ్ గాంధీ మారుతీ చిన్న కారు ముచ్చటను వెక్కిరించి, తీరా సంజాయిషీ అడిగితే పాత్రలన్నీ కల్పితాలే అని జవాబిచ్చాడు. ఆ జవాబిచ్చింది 1975 జూలైలో, ఎమర్జెన్సీ పెట్టాక. ఆ ధైర్యం గురించి నీ వ్యాసంలో ఒక్క ముక్క లేదు.

పైగా 'నటన అతిగా ఉంది, సెట్లు చవకగా ఉన్నాయి' అని తీసిపారేశావు. నువ్వు జనగామ పిల్లగాడివి కదా, పగటివేషాల పిట్టల దొరను చూడలేదా? ఖాకీ కోటు, టోపీ, కట్టె తుపాకి, నోరు తెరిస్తే కోతలు. ఆయన అతి చేస్తున్నాడని ఊళ్లో ఎవరైనా అంటారా? ఆ అతిలోనే దొర బండారం బయటపడుతుంది. ఇందులో కుర్చీ ఎక్కిన నాయకుడి వేషం వేసిన మనోహర్ సింగ్ ఢిల్లీ నాటకరంగంలో, నేషనల్ స్కూల్ ఆఫ్ డ్రామా (ఎన్‌ఎస్‌డీ) వాళ్ల నాటక బృందం రిపర్టరీలో పండిన నటుడు, మైదానం చివర కూచున్నవాడికి కూడా వినబడేలా మాట్లాడతాడు, అది తెలిసి చేసిన పని. దాని ఎదురుగా షబానా ఆజ్మీని పెట్టారు. ఆమె పాత్ర పేరు జనత. మూగది. ఇంత వాగుడు మధ్య ఆమెకు ఒక్క డైలాగు లేదు, చూడటమే. సినిమా అంతా ఆ మొహం మీద నడుస్తుంటే నువ్వు తారాగణం జాబితాలో పేరు రాసి వదిలేశావు!

నాకు తెలుసు, పత్రికలు నేర్పేది ఇదే. ఒకప్పుడు ఒక ఎడిటర్ నా వ్యాసంలో సీన్ల గురించి రాసిందంతా కొట్టేసి 'గొడవ సంగతి ఇంకో రెండు పేరాలు పెంచండి' అన్నాడు. పెంచలేదు, వ్యాసం రాలేదు, ఆయన మీద కోపం ఇప్పటికీ పోలేదు. మా ఫిల్మ్ సొసైటీ రోజుల్లో పుణె నుంచి 16 ఎంఎం సినిమా రీళ్ల డబ్బాలు వస్తే కాజీపేటలో పార్సిల్ విడిపించుకుని, సైకిల్ క్యారియర్‌కు కట్టుకుని హన్మకొండ తెచ్చేవాళ్లం. ఒక్కసారే ఆట, తెల్లారితే డబ్బాలు తిరుగు రైలు ఎక్కాలి. అందుకని చీకట్లో రశీదుల వెనక పెన్సిల్‌తో గీకేవాణ్ణి: ఎవరు ఎక్కడ నిలబడ్డారు, ఎక్కడ జనం నవ్వారు, ఎక్కడ నవ్వు ఆగింది. పొద్దున చూస్తే ఒక అక్షరం మీద ఇంకో అక్షరం ఎక్కి ఉండేది, అయినా ఆ గీతల నుంచే రాశాను. నీ చేతిలో ఫోన్ ఉంది, ఎక్కడంటే అక్కడ ఆపొచ్చు, వెనక్కి తిప్పొచ్చు. అట్లాంటప్పుడు ఒక్క సీను కూడా రాయకపోతే ఎట్లా?

దొరకని సినిమాల గురించి అడిగావు. పేరు హిందీ అక్షరాల్లో కొట్టి వెతుకు, దొరికిన కాపీ ఏ సంవత్సరానిదో టైటిల్స్‌లో చూసుకో, పాత ఫిల్మ్ సొసైటీ వాళ్లను కదిలించు, వాళ్ల దగ్గర సీడీలు, కరపత్రాలు మూలుగుతుంటాయి.

తగలబెట్టిన కథ ఒక్క పేరాకు కుదించు. మిగిలిన పేజీలు జనత మొహానికివ్వు. తిరగరాసినాకే పంపు, అప్పటిదాకా చదవను. ఆదివారం హన్మకొండ వస్తే ఇంటికి రా, ఆమె ఉన్న సీన్లు ఆపి ఆపి చూద్దాం, నోట్‌బుక్ తెచ్చుకో.

మీ అన్న