ట్యాంకులో నీళ్లున్నాయని అనుమానమొస్తే సెల్ఫ్ కొట్టకు

నల్లగొండ

బిడ్డా,

జడ్చర్ల దాటినంక నీ కారు ఆగిపోయిందని మీ నాన్న ఫోన్ చేసి చెప్పాడు. వానలో బంకుకు పోయి ఫుల్ ట్యాంక్ కొట్టించావట. కొంచెం దూరం పోగానే జర్కులు మొదలై, పికప్ పడిపోయి, చివరికి ఆగిందట. టోయింగ్ బండి మీద మహబూబ్‌నగర్‌లో ఏదో షెడ్డుకు చేర్చారని విన్నాను. ఫోన్‌లో చెప్తే సగం మరిచిపోతావు, షెడ్డులో నలుగురు నాలుగు మాటలు చెప్పి మిగతా సగం మరిపిస్తారు. అందుకే రాస్తున్నాను.

అన్నిటికన్నా ముందు, ఆ బండికి ఎవరినీ సెల్ఫ్ కొట్టనీయకు. తాళం చెవి ఆన్‌లోకి కూడా తిప్పనీయకు. పెట్రోల్ బండ్లలో చెవి తిప్పగానే ట్యాంకులోని పంపు ఒక్క క్షణం తిరిగి లైన్‌లోకి ప్రెషర్ ఎక్కిస్తుంది. లీటరు పెట్రోల్ ముప్పావు కిలో చిల్లర తూగుతుంది, లీటరు నీళ్లు కిలో. అందుకే నీళ్లు ఎప్పుడూ అడుగునే ఉంటాయి. పంపు నోరు ఉండేదీ ఆ అడుగునే. ట్యాంకులో 35 లీటర్ల మంచి పెట్రోల్, ఒక్క లీటరు నీళ్లు ఉన్నా, పంపు ముందు తాగేది ఆ నీళ్లనే. "ఇంకొక్కసారి కొట్టు, స్టార్ట్ అయితది" అని చెప్పేవాళ్లు రోడ్డు మీద బాగా దొరుకుతారు. వాళ్ల మాట విన్నకొద్దీ నీళ్లు ట్యాంకు దాటి లైన్‌లోకి, లైన్ దాటి ఇంజిన్‌లోకి పెట్రోల్ చిమ్మే ఇంజెక్టర్లలోకి పోతాయి. బ్యాటరీ దిగిపోవడం దానికి తోడు.

ఇక అది నిజంగా నీళ్లేనా అని తేల్చుకోవాలి. బంకు నుంచి బయటికొచ్చిన కాసేపటికే ఆగిందంటే అనుమానం నీళ్ల మీదికే పోతుంది కానీ, పంపు చెడిపోయినా బండి ఇట్లాగే ఆగుతుంది. మెకానిక్‌ను ఫ్యూయల్ లైన్ విప్పి, ట్యాంకు అడుగు నుంచి కొంచెం పెట్రోల్ తీయమను. పొడిగా ఉన్న గాజు సీసాలో పట్టి, మూత బిగించి, కదపకుండా అరగంట పెట్టమను. అడుగున వేరే పొర, మధ్యలో స్పష్టమైన గీత కనిపిస్తే నీళ్లు పడ్డట్టే. గీత లేకుండా మొత్తం మసకగా ఉన్నా మంచి గుర్తు కాదు.

ఇక్కడ ఒక సంగతి. ఇప్పుడు బంకుల్లో వచ్చేది ఈ20, అంటే ఐదో వంతు ఇథనాల్ అనే ఆల్కహాల్ కలిపిన పెట్రోల్. ఇథనాల్‌కు నీళ్లంటే మహా ఇష్టం. ఫుల్ ట్యాంకులో చిన్న గ్లాసుడు నీళ్లు పడితే పెట్రోల్‌లోనే కలిసిపోయి, ఇంజిన్‌లో కాలిపోతాయి. చాలాసార్లు మనకు తెలియను కూడా తెలియదు. ఆ హద్దు దాటితేనే కథ మారుతుంది. నీళ్లు పెట్రోల్‌లో ఉన్న ఇథనాల్‌ను కూడా లాక్కుని, రెండూ కలిసి అడుక్కు దిగుతాయి. నువ్వు సీసాలో చూసే అడుగు పొర ఉత్త నీళ్లు కాదు, ఆ రెండింటి కలయిక. పైన మిగిలే పెట్రోల్‌లో ఇథనాల్ పోతుంది కాబట్టి దాని ఆక్టేన్, అంటే ఇంజిన్‌లో సమయానికి ముందే అంటుకోకుండా తట్టుకునే గుణం, కూడా పడిపోతుంది. అందుకే "ఇంకో పది లీటర్లు మంచి పెట్రోల్ పోస్తే సర్దుకుంటది" అనే సలహా పనికిరాదు. ట్యాంకు మొత్తం ఖాళీ చేయాల్సిందే. సీసాల్లో అమ్మే 'నీళ్లు పీల్చే' మందులు కూడా కొనకు. వాటిలో ఎక్కువ భాగం ఏదో ఒక ఆల్కహాలే ఉంటుంది. నీ ట్యాంకులో ఆల్కహాల్ ఇప్పటికే లీటర్ల కొద్దీ ఉంది.

వాట్సాప్‌లో తిరిగే వీడియోలు నువ్వూ చూసే ఉంటావు. ఒకాయన సీసాలో పెట్రోల్ పట్టి, దాంట్లో కొన్ని నీళ్లు పోసి ఊపి, "చూడండి, పెట్రోల్‌లో ఎన్ని నీళ్లున్నాయో" అని అరుస్తుంటాడు. 100 మిల్లీలీటర్ల ఈ20లో 10 మిల్లీలీటర్ల నీళ్లు పోసి ఊపితే అడుగున సుమారు 30 మిల్లీలీటర్ల దాకా పొర కనిపిస్తుంది. పెరిగిన ఆ 20 ఇథనాలే, ప్రభుత్వం చెప్పి కలిపించిందే. నీ శాంపిల్‌లో మాత్రం చుక్క నీళ్లు కూడా బయటి నుంచి కలపనీయకు. కలిపిన తర్వాత అది సాక్ష్యంగా దేనికీ పనికిరాదు.

సాక్ష్యం అన్నాను కదా, ట్యాంకు ఖాళీ చేయకముందే ఆ పని కానీయాలి. చాలామంది ముందు బండి బాగు చేయించుకుని, తర్వాత బంకు మీదికి పోతారు. అప్పటికి చేతిలో బిల్లు తప్ప ఏమీ ఉండదు. ట్యాంకులోంచి పెట్రోల్ తీస్తున్నప్పుడు బండి నంబరు కనబడేటట్టు వీడియో తీయి. రెండు సీసాలు నింపి, మూతల మీద టేపు వేసి, తేదీ రాసి, మెకానిక్‌తో సంతకం పెట్టించు. ఆ సీసాలను ఇంట్లో పెట్టకు, వంటగది దరిదాపుల్లో అసలే వద్దు. బిల్లు పారేసి ఉంటే ఫోన్‌లో పేమెంట్ చేసిన వివరం దాచుకో, టైంతో సహా ఉంటుంది.

తర్వాత బంకుకు పో. ఒక్కదానివే పోకు, మీ నాన్నను తీసుకుపో. గొడవ పడనవసరం లేదు. మేనేజర్‌ను అడిగి, కంప్లయింట్ బుక్‌లో రాయి. భూమిలోని ట్యాంకులో డిప్ రాడ్ దింపి, నీళ్లు తగిలితే రంగు మారే పేస్టుతో నీ ముందే చూపించమను. డెన్సిటీ, అంటే లీటరు ఎంత తూగుతుందో, అది కూడా చూపించమను, అడిగే హక్కు కస్టమర్‌కు ఉంది. ఫిల్టర్ పేపర్ టెస్ట్ చేసి "చూడమ్మా, మరక లేదు, పెట్రోల్ మంచిదే" అంటే తలాడించి వచ్చేయకు. ఆ టెస్ట్ కిరోసిన్ లాంటి కల్తీని పట్టుకోవడానికి, నీళ్లను పట్టుకోవడానికి కాదు. గట్టి వానల్లో భూమిలోని ట్యాంకు మూతల సందుల్లోంచి నీళ్లు దిగడం మామూలే, ప్రతిసారీ మోసమే అనుకోకు. మర్యాదగా అడిగితే చాలామంది బంకువాళ్లు క్లీనింగ్ ఖర్చు ఇస్తారు, ఎందుకంటే ఆ రోజు ఆగిన బండి నీదొక్కటే అయి ఉండదు. ఇవ్వకపోతే ఆయిల్ కంపెనీకి రాయి, వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కు ఫోన్ చేయి. అప్పటికీ కాకపోతే నువ్వుండే జిల్లాలోనే వినియోగదారుల కమిషన్‌లో కేసు వేయొచ్చు. రెండేళ్ల గడువు ఉంటుంది, తొందరపడి తక్కువకు రాజీ కాకు.

ఇక షెడ్డు పని. ట్యాంకు దించేటప్పుడు అక్కడే ఉండు, కానీ దూరంగా నిలబడు. నోటితో పైపు పెట్టి గుంజే మెకానిక్ అయితే ఆ షెడ్డే వద్దు. పెట్రోల్ ఊపిరితిత్తుల్లోకి పోతే ప్రాణం మీదికి వస్తుంది. పైగా ఇప్పటి కార్లలో పైపు సగంలోనే ఆగిపోతుంది, లోపల అడ్డు ఉంటుంది. బ్యాటరీ నెగటివ్ వైరు తీసిన తర్వాతే పని మొదలుపెట్టాలి. పిట్‌లో కాదు, గాలి ఆడే చోట చేయాలి. పెట్రోల్ ఆవిరి గాలికన్నా బరువు, గుంతలో దిగి కూర్చుంటుంది. పక్కన వెల్డింగ్ నడుస్తుంటే ఆపమను. బీడీ సంగతి చెప్పనవసరం లేదనుకుంటాను కానీ, మా షెడ్డులో ఇప్పటికీ కుర్రాళ్లకు చెప్తూనే ఉన్నాను.

తీసిన పెట్రోల్‌ను ఎవరూ మోరీలో పోయకుండా చూడు. మన నల్లగొండ నీళ్లకు ఫ్లోరైడ్ బాధ చాలు, పెట్రోల్ కూడా ఎందుకు. "బైకులో పోసుకుంటా" అని షెడ్డు కుర్రాడు అంటే వద్దని చెప్పు.

ట్యాంకు అడుగు శుభ్రంగా తుడిపించి, కొంచెం కొత్త పెట్రోల్‌తో కడిగించు. లైన్‌ను గాలితో కొట్టించు. ఫిల్టర్ మార్చాలి. చాలా బండ్లలో అది పంపుతోపాటే ట్యాంకులో ఉంటుంది, అప్పుడు కూలి ఎక్కువ అవుతుంది. ప్లగ్గులు తీసి ఆరబెట్టిస్తే చాలు, కొత్తవి అక్కర్లేదు. మాటిమాటికి సెల్ఫ్ కొట్టి ఉంటే కాలని పెట్రోల్ ఇంజిన్ ఆయిల్‌లోకి దిగి ఉండొచ్చు. డిప్ స్టిక్ తీసి చూడు. ఆయిల్ పలచగా, పెట్రోల్ వాసనగా ఉంటే మార్పించు. "నీళ్లు పడ్డాయి కాబట్టి పంపు, నాలుగు ఇంజెక్టర్లు మొత్తం మార్చాలి" అంటే మాత్రం ఒప్పుకోకు. వెంటనే ఆపిన పెట్రోల్ బండిలో ఎక్కువసార్లు క్లీనింగ్‌తోనే పని అయిపోతుంది. ముందు శుభ్రం చేసి స్టార్ట్ చేయమను. అప్పటికీ మిస్ కొడితే నాకు ఫోన్ చేయమను, నేను మాట్లాడతాను.

మీ నాన్న డీజిల్ బండి సంగతి వేరు, ఈ ఉత్తరం ఆయనకు కూడా చూపించు. డీజిల్ ఫిల్టర్ కింద నీళ్లు చేరే చోటు ఉంటుంది, అది నిండితే డాష్‌బోర్డ్ మీద లైటు వెలుగుతుంది. ఆ లైటు వెలిగాక "ఇంటికి పోయి చూద్దాం" అనడానికి లేదు. కామన్ రైల్ ఇంజిన్లలో, అంటే ఒకే గొట్టంలోంచి అన్ని ఇంజెక్టర్లకూ డీజిల్ అందే వాటిలో, ప్రెషర్ వెయ్యి బార్ దాటి, అంటే మామూలు గాలి ఒత్తిడికి వెయ్యింతలకు పైగా ఉంటుంది, ఆ పంపుకూ ఇంజెక్టర్లకూ రాపిడి తగ్గించే ఆయిల్ డీజిలే. నీళ్లు పోతే ఇనుము మీద ఇనుము రాసుకుంటుంది. మిర్యాలగూడ మిల్లుల దగ్గర లారీ డ్రైవర్లు పొద్దున్నే ఆ ఫిల్టర్ కింది స్క్రూ వదులు చేసి నీళ్లు తీసేయడం చూస్తుంటాను. కార్ల వాళ్లకు ఆ స్క్రూ ఎక్కడుందో కూడా తెలియదు. మీ నాన్నకూ తెలియదు, అడిగి చూడు.

2024లో కోదాడ దగ్గర వరద వచ్చినట్టు ఎప్పుడైనా బండి నీళ్లలో మునిగితే, ఇంజిన్ సంగతి తేలేవరకు ట్యాంకు జోలికి పోకు. అది మరో ఉత్తరం అవుతుంది.

పని అయ్యాక పాత ఫిల్టర్‌ను అడిగి తీసుకుని కవర్లో కట్టి పెట్టు. ఆదివారం వస్తాను, దాన్ని చూస్తే ఎన్ని నీళ్లు పోయాయో నాకు అర్థమవుతుంది. అప్పటివరకు ఆ మెకానిక్‌కు డబ్బులు సగమే ఇవ్వు.

మీ పెద్దనాయిన