ఐదు వేలతో ఇంటి దగ్గర స్క్రంచీలు, క్లిప్పులు చేసి అమ్మొచ్చా?

కుట్టు మిషన్ ఉంది, 5,000 రూపాయలున్నాయి, స్క్రంచీలు (లోపల ఎలాస్టిక్ ఉండే గుడ్డ జుట్టు బ్యాండ్లు), బో క్లిప్పులు, జడకుచ్చులు అన్నీ ఒకేసారి మొదలుపెట్టొచ్చా అని అడిగారు. వద్దు. మొదటి నెల స్క్రంచీలు మాత్రమే చేయండి, అందులో కూడా 1,500 దాటి సరుకు కొనకండి. రకాలు పెరిగేకొద్దీ డబ్బంతా అమ్ముడుపోని పూసల్లో, క్లిప్పుల్లో ఇరుక్కుపోతుంది.

44 అంగుళాల పన్నా ఉన్న శాటిన్ మీటరు తీసుకుంటే, 4 అంగుళాల వెడల్పు, 21 అంగుళాల పొడవు పట్టీలు 18 వస్తాయి. వెడల్పు 3 అంగుళాలకు తగ్గిస్తే గుడ్డ మిగులుతుంది గానీ స్క్రంచీ బక్కగా ఉండి చేతిలోకి తీసుకున్నవాళ్లు పక్కన పెట్టేస్తారు. పట్టీని మెరుపు లోపలికి వచ్చేలా నిలువుగా మడిచి, పావు అంగుళం వదిలి కుట్టి, పిన్నీసుతో తిరగేయండి. ఏడున్నర అంగుళాల ఎలాస్టిక్ ఎక్కించండి. పిల్లలకైతే 6 చాలు. గొట్టం మెలిక పడలేదని చూసుకున్నాకే ఎలాస్టిక్ కొసలు కలపాలి. గుడ్డ ఒక కొసను రెండోదానిలోకి దోపి మూసి కుట్టేస్తే అయిపోయినట్టే.

వెనక్కి వచ్చే సరుకులో ఎక్కువ భాగం ఎలాస్టిక్ వల్లే. ముడి వేస్తే జారిపోతుంది, గడ్డలా తగులుతుంది కూడా. అర అంగుళం ఒకదాని మీద ఒకటి పెట్టి మూడుసార్లు కుట్టండి. రోల్ కొనేముందు ముక్కని 20 సార్లు లాగి కొలవండి, మొదటి కొలతకు రాకపోతే అది ఎంత చవకైనా మనకొద్దు. శాటిన్‌కి 11 నంబరు సూది వాడాలి; 14తో కుడితే చిల్లులు కనబడతాయి, గుడ్డ ముడుచుకుంటుంది. మెరూన్, నలుపు, ముదురు నీలం రంగుల్ని తడి తెల్ల రుమాలుతో రుద్ది చూడండి. రంగు అంటితే నూనె రాసిన జుట్టుకూ, బ్లౌజు మెడకూ అంటుతుంది.

క్లిప్పులు తర్వాత. గ్లూ గన్‌తో అంటించిన బో మే నెల ఎండలో పార్శిల్ బండిలో వేడికి మెత్తబడి ఊడిపోవచ్చు, ఇంట్లో చూసినప్పుడు మాత్రం గట్టిగానే ఉంటుంది. బోను క్లిప్పుకి దారంతో చుట్టి కుట్టి, ఆపైన బీ-7000 లాంటి జిగురు పెట్టి ఒక రోజంతా కదపకుండా వదిలేయండి. ఖాళీ క్లిప్పును తడిగుడ్డలో రాత్రంతా ఉంచితే తుప్పు సంగతి తెల్లారేసరికి తెలిసిపోతుంది. మూడేళ్లలోపు పిల్లల వాటికి పూసలు పెట్టకండి, ఊడితే నోట్లో పెట్టుకుంటారు.

ఇక ధర. శాటిన్ మీటరు 80 అనుకుంటే ఒక్కోదానికి గుడ్డ నాలుగున్నర, ఎలాస్టిక్ ఒకటింపావు, కవరూ కార్డూ 3, మొత్తం దాదాపు 9 రూపాయలు. చాలామంది లెక్క ఇక్కడే ఆపి 20కి అమ్మేసి, లాభం వచ్చిందనుకుంటారు. గంటకు 8 స్క్రంచీలు కుడితే, ఆ గంటకు మీరే మీకు 60 రూపాయలు కూలి కట్టుకోండి: ఒక్కోదానికి ఏడున్నర. పదింటిలో ఒకటి పాడైనా కలుపుకుంటే 18 దాటుతుంది. ఫ్యాన్సీ షాపు 40 రూపాయల ధర మీద 30 నుంచి 40 శాతం తన వాటాగా అడిగితే మీ చేతికొచ్చేది 24 నుంచి 28. అందుకని 40కి తగ్గితే షాపులకు ఇవ్వలేరు. కొరియర్‌లో ఒక్కటి పంపితే దాని ధరకంటే రవాణాయే ఎక్కువ, కాబట్టి ఆన్‌లైన్‌లో ఐదారు కలిపి సెట్టుగానే పెట్టండి.

హైదరాబాద్‌లో అయితే ఎలాస్టిక్, క్లిప్పులు, లేసులకు బేగంబజారు వెళ్లండి, ముందు చిన్న ప్యాకెట్ అడగండి. టైలర్ల దగ్గర మిగిలే బ్లౌజు ముక్కలు అడిగి తెచ్చుకుంటే చీరకు మ్యాచింగ్ అని చెప్పి కొంచెం ఎక్కువకు అమ్మొచ్చు. రాణీ పింక్, రామా గ్రీన్, గంధం రంగు, నలుపు ఎప్పుడూ దగ్గర ఉంచుకోండి.

చిన్న వ్యాపారాల కోసం ప్రభుత్వం చేసే ఉద్యమ్ నమోదు ఉచితం, ఎవరైనా ఫీజు అడిగితే ఇవ్వకండి. రాష్ట్రం లోపల సరుకు అమ్మకాలకు జీఎస్టీ నమోదు అక్కర్లేని పరిమితి ఆంధ్రప్రదేశ్‌లో ఏడాదికి 40 లక్షలు, తెలంగాణలో 20 లక్షలు. షాపుకిచ్చే ప్యాకెట్ మీద ఎంఆర్‌పీ, లోపల ఎన్ని ఉన్నాయో ఆ సంఖ్య, తయారైన నెల, ఏడాది, మీ పేరూ చిరునామా ఉండాలి.

కొనుగోళ్లు జూన్‌లో బడులు తెరిచినప్పుడు, శ్రావణంలో, బతుకమ్మ–దసరాకు పెరుగుతాయి. ఆషాఢంలో పెళ్లిళ్లుండవు, బేరాలూ తక్కువే. శ్రావణానికి కావలసినవి అప్పుడే కుట్టి, ఎలాస్టిక్ ఎండ తగలని డబ్బాలో పెట్టుకోండి.