గర్భసంచి తీయకుండా గడ్డకు చికిత్స.. మళ్లీ వస్తుందా?

ప్రశ్న: నాకు 43 ఏళ్లు. ఇద్దరు పిల్లలు. నెలసరి వస్తే పది రోజులైనా బ్లీడింగ్ ఆగడం లేదు. స్కానింగ్‌లో గర్భసంచిలో 7 సెంటీమీటర్ల గడ్డ (ఫైబ్రాయిడ్) ఉందన్నారు. రక్తం 8 గ్రాములే ఉంది. ఇంట్లో అందరూ గర్భసంచి తీయించుకోమంటున్నారు. హైదరాబాద్‌లో కోత లేకుండా రక్తనాళం మూసి చికిత్స చేస్తారని విన్నాను. మా తోడికోడలేమో ‘నాలుగేళ్లకు మళ్ల మొదటికొస్తది’ అంటోంది. నిజమేనా?
– ఓ పాఠకురాలు, నర్సంపేట

డాక్టర్ సలహా: మీ తోడికోడలి మాటను పూర్తిగా కొట్టిపారేయలేం. కానీ మీరు భయపడుతున్నంతా లేదమ్మా.

మీరు విన్నది ఎంబోలైజేషన్. తొడ మొదట్లోనో మణికట్టు దగ్గరో సన్నని గొట్టం పెట్టి, గర్భసంచికి రక్తం తెచ్చే నాళాల్లోకి ఇసుక రేణువుల్లాంటి గుళికలు వదులుతారు. మడవ కట్టేస్తే మడి ఎండినట్టు, రక్తం అందక గడ్డ కుంచించుకుపోతుంది. ఆరు నెలల్లో దాని ఘనపరిమాణం సుమారు సగానికి తగ్గుతుంది. పూర్తిగా మాయం కావాలని చూడకండి, బ్లీడింగ్ తగ్గిందా లేదా అన్నదే ముఖ్యం.

ఇక మీ అసలు ప్రశ్న. నెదర్లాండ్స్‌లో 177 మంది మహిళల్లో కొందరికి గర్భసంచి తీసి, మిగతావారికి ఈ చికిత్స చేసి, పదేళ్లు గమనించారు. ఎంబోలైజేషన్ చేయించుకున్నా చివరికి గర్భసంచి తీయించుకోక తప్పనివాళ్లు రెండేళ్లకు నూటికి 24 మంది, ఐదేళ్లకు 28, పదేళ్లకు 35. ఈ మూడు అంకెలూ ఇంకోసారి చూడండి. పని చేయకపోతే ఎక్కువగా మొదటి రెండేళ్లలోనే తెలిసిపోతోంది. ఆ తర్వాత ఎనిమిదేళ్లలో పెరిగింది మరో 11 మందే. పైగా వయసు మీ పక్షాన ఉంది. పదేళ్లకు మీకు 53 వస్తాయి, ఆలోగా చాలామందికి నెలసరి ఆగిపోతుంది. అప్పుడు మిగిలిన గడ్డా చిన్నదవుతుంది.

చికిత్స చేసిన రోజు రాత్రి నొప్పి మాత్రం గట్టిగానే ఉంటుంది. ‘కోత లేదన్నరు కదా, ఈ నొప్పేంది?’ అని నన్ను పట్టుకుని ఏడ్చినవాళ్లున్నారు. మందులతో ఒకటి రెండు రోజుల్లో తగ్గుతుంది. కొన్ని వారాలు తెల్లబట్ట కనిపించొచ్చు. దుర్వాసన, జ్వరం ఉంటే ఆగకుండా ఆసుపత్రికి వెళ్లాలి.

గర్భసంచి తీసేస్తే గడ్డ తిరిగి రాదు, ఆ గ్యారంటీ ఆ ఆపరేషన్‌కే ఉంది. అందుకే అది తప్పని అనను. కానీ మన దగ్గర అది పన్ను పీకించుకున్నంత తేలికైపోయింది. 2015-16 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో 15-49 ఏళ్ల మహిళల్లో గర్భసంచి తీయించుకున్నవారు దేశం మొత్తం మీద నూటికి ముగ్గురైతే, తెలంగాణలో దాదాపు ఎనిమిది మంది. ఇంకా పిల్లలు కావాలనుకుంటే గడ్డ ఒక్కటే తీసే ఆపరేషన్ గురించి చెప్పేదాన్ని, మీకు ఆ అవసరం లేదు.

ఏది ఎంచుకున్నా ముందు ఎంఆర్‌ఐ తీయించండి. గడ్డ లోపలి వైపు వేలాడుతుంటే కొన్నిసార్లు కెమెరాతో కింది నుంచే తీసేయొచ్చు, అప్పుడు ఇంత చర్చే అక్కర్లేదు. పది రోజుల బ్లీడింగ్ కాబట్టి లోపలి పొర ముక్క పరీక్ష కూడా అడగండి. అన్నిటికంటే ముందు రక్తం. మిర్చి కోతలు అయ్యాక చూద్దాం అనుకోకుండా, ఈ వారమే వరంగల్‌లో మీ డాక్టర్‌ను కలిసి సెలైన్‌లో ఐరన్ ఎక్కించుకోవచ్చేమో అడగండి.