ఉక్రెయిన్ వాళ్లు, రష్యన్లు ఒకే జాతి కదా? భాష కూడా ఒకటే కదా?

కాదు. ఉక్రెయిన్‌లోని ఖార్కివ్ నగరంలో ఆరేళ్లు వైద్యం చదివి వచ్చినవాడిని కాబట్టి మొహమాటం లేకుండా చెబుతున్నాను.

వెళ్లేముందు నాకూ తెలియదు. "అంతా రష్యాయే బాబూ, భాషా అదే" అన్నాడు విజయవాడలో మమ్మల్ని పంపించిన ఏజెంటు. మా ఊళ్లో నేను ఇప్పటికీ రష్యా డాక్టరునే. సరిదిద్దడం ఎప్పుడో మానేశాను.

అప్పట్లో ఖార్కివ్ వీధుల్లో వినిపించేది ఎక్కువగా రష్యనే. రెండో ఏడు హాస్టల్ వదిలి ఒక పెద్దావిడ ఇంట్లో గది తీసుకున్నాను. ఆవిడ మాటా రష్యనే. ఫిబ్రవరి ఒకటిన అద్దె ఇద్దామని వంటగదిలోకి వెళితే గోడ మీది కేలండర్‌లో పెద్ద అక్షరాలతో 'ల్యుతీ' అని ఉంది. నాకొచ్చిన రష్యన్‌లో ఆ మాటకు 'భీకరమైన' అని అర్థం. మంచు తుపాను హెచ్చరిక కాబోలనుకుని "బాబుష్కా, రేపు క్లాసులు ఉండవా?" అని అడిగాను. బోర్ష్ (బీట్‌రూట్ సూప్) కలుపుతున్న గరిటె పక్కన పెట్టి, కళ్లలో నీళ్లు వచ్చేదాకా నవ్వారు. అది ఉక్రెయిన్ భాషలో ఫిబ్రవరి పేరట! రష్యన్‌లో అయితే ఫెవ్రాల్. తర్వాత ఒక్కో పేజీ ఎత్తి చూపించారు: ఏప్రిల్ పూల నెల, మే గడ్డి నెల, ఆగస్టు కొడవలి నెల, నవంబరు ఆకు రాలే నెల. పోల్తావా దగ్గర పల్లెలో వాళ్లమ్మ నేర్పిన పేర్లు. మరి రష్యన్ ఎందుకు మాట్లాడతారంటే, చదువుకోడానికి పట్నం వచ్చినప్పుడు పల్లెటూరి మాటని ఎగతాళి చేశారన్నారు.

భాష ఒకటే అయితే రష్యా చక్రవర్తి జార్ ప్రభుత్వం 1863లో ఒకసారి, 1876లో మరోసారి ఉక్రెయిన్ భాషలో పుస్తకాలు అచ్చు కాకుండా ఎందుకు అడ్డుపడినట్టు? 988లో క్రైస్తవం పుచ్చుకున్న కీవ్ రాజు ఇద్దరికీ మూలపురుషుడే, నిజం. కానీ ఆయన ఉక్రెయిన్ వాళ్లకు వొలొదిమిర్, రష్యన్లకు వ్లాదిమిర్. పేచీ అక్కడి నుంచే. ఇద్దరూ ఒకే ప్రజ అంటూ 2021 జూలైలో పుతిన్ పెద్ద వ్యాసమే రాశాడు. కానీ సోవియట్ యూనియన్ నుంచి విడిపోవాలా అని 1991 డిసెంబరులో ఉక్రెయిన్‌లో ప్రజాభిప్రాయం అడిగితే, ఓటేసినవాళ్లలో 90 శాతానికి పైగా స్వాతంత్ర్యమే కోరారు. రష్యన్ మాట్లాడే ఖార్కివ్ ప్రాంతంలో కూడా అది 80 శాతం దాటింది. టీవీలో మ్యాపు చూసి తీర్పు చెప్పే మన మేధావులకు ఇది పట్టదు.

2022లో ఖార్కివ్ మీద రష్యా బాంబులు పడుతుంటే ఆ పెద్దావిడకి ఫోను చేశాను. మెట్రో స్టేషన్‌లో తలదాచుకున్నారు. అప్పటి నుంచి నాకు ఉక్రెయిన్ భాషలోనే రాస్తున్నారు. అలవాటైన రష్యన్‌లో రాయవచ్చు కదా అంటే రెండు వారాలు జవాబే ఇవ్వలేదు. ఇప్పుడు నేను రష్యన్‌లో అడుగుతాను, ఆవిడ తన భాషలో చెబుతారు. సగం అర్థం కాదు, ఫోనులో అనువాదం పెట్టుకుని చదువుకుంటాను.