భుజం నొప్పికి చలిజ్వరం తోడైతే...

ప్రశ్న: నాకు 58 ఏళ్లు. పన్నెండేళ్లుగా షుగర్ ఉంది. ఎడమ భుజం బిగుసుకుపోతే ఫ్రోజెన్ షోల్డర్ అని చెప్పి మూడు వారాల క్రితం కీలులోకి స్టెరాయిడ్ ఇంజెక్షన్ చేశారు. మొదట హాయిగానే ఉంది. ఎనిమిది రోజులుగా మళ్లీ విపరీతమైన నొప్పి. రెండు రాత్రులు చలిజ్వరం వచ్చింది. మందుల షాపులో అడిగి యాంటీబయాటిక్, నొప్పి మాత్రలు నాలుగు రోజులు వాడితే కాస్త తగ్గింది. రెండో ఇంజెక్షన్ ఎప్పుడు చేయించుకోవచ్చు? వ్యాయామాలు కొనసాగించాలా?
– ఒక పాఠకుడు, ఖమ్మం

జవాబు: ఇంజెక్షన్ సంగతి పక్కన పెట్టండి. చలిజ్వరం అన్న మాట దగ్గరే నా కన్ను ఆగిపోయింది. ఫ్రోజెన్ షోల్డర్ ఎంత బాధపెట్టినా జ్వరం తీసుకురాదు. ఇంజెక్షన్ తర్వాత ఒకటి రెండు రోజులు నొప్పి పెరగడం మామూలే కానీ, రెండు వారాలకు మొదలైన నొప్పిని ఆ ఖాతాలో వేయలేం. కీలులో ఇన్ఫెక్షన్ చేరిందేమో చూడాలి. చూడకుండా అదే అని తేల్చి చెప్పలేను. కాదని తేలేవరకు మాత్రం అదేనన్నట్టుగా జాగ్రత్తపడాలి. ఈ జవాబు చదివిన రోజే ఎముకల వైద్యుడు ఉన్న ఆసుపత్రికి వెళ్లండి.

ఇంజెక్షన్ చేసిన డాక్టరును తప్పుపట్టడానికి ఇదంతా చెప్పడం లేదు. అన్ని జాగ్రత్తలు తీసుకున్నా అరుదుగా ఇలా జరుగుతుంది. షుగర్ ఉన్నవారికి ముప్పు ఇంకాస్త ఎక్కువ. చర్మం మీద ఉండే స్టాఫిలోకాకస్ బ్యాక్టీరియానే చాలాసార్లు కారణం. కీలులో చీము పడితే ఎముకల చివర్లను కప్పి ఉంచే మృదులాస్థి కొద్ది రోజుల్లోనే కరగడం మొదలవుతుంది. ఒకసారి పోయిన మృదులాస్థి మళ్లీ రాదు.

ఇక మీరు వాడిన యాంటీబయాటిక్. కోప్పడుతున్నానని అనుకోకండి, వారంలో ఇద్దరు ముగ్గురికైనా ఈ మాట చెప్పాల్సి వస్తోంది. షాపులో ఇచ్చే నాలుగు రోజుల మాత్రలు కీలులోని చీమును తీసేయలేవు. అసలు నష్టం వేరే ఉంది. సూదితో కీలులోని ద్రవం తీసి కల్చర్‌కు (బ్యాక్టీరియాను ల్యాబులో పెంచి చూసే పరీక్షకు) పంపినప్పుడు, సగం చచ్చిన బ్యాక్టీరియా పెరగక రిపోర్టులో ఏమీ లేదని రావచ్చు. ఏ మందు పనిచేస్తుందో తెలియక మేం చీకట్లో తడుముకోవాలి. నొప్పి మాత్రలేమో జ్వరాన్ని కప్పేస్తాయి. మీకు 'కాస్త తగ్గడం' అందువల్లే కావచ్చు.

అన్నిటికంటే ముఖ్యమైన పరీక్ష ఆ ద్రవమే. ఆరోగ్యంగా ఉన్న కీలులో అది గుడ్డు తెల్లసొనలా జిగటగా, తేటగా ఉంటుంది. ఇన్ఫెక్షన్ ఉంటే బియ్యం కడిగిన నీళ్లలా మసకబారి సిరంజిలోకి వస్తుంది. మైక్రోలీటరుకు తెల్లకణాలు 50,000 దాటితే అనుమానం బలపడుతుంది. యాంటీబయాటిక్ వాడినవారిలో అంతకంటే తక్కువ వచ్చినా కొట్టిపారేయలేం. రక్తంలో సీఆర్‌పీ (ఒంట్లో వాపును చూపే పరీక్ష), బ్లడ్ కల్చర్, అల్ట్రాసౌండ్ లేదా ఎమ్మారై కూడా అడగవచ్చు. మొదటి రోజుల్లో ఎక్స్‌రే మామూలుగానే కనిపిస్తుంది, దాన్ని చూసి ధైర్యపడవద్దు.

ఇన్ఫెక్షన్ అని తేలితే మందులొక్కటే చాలవు, చీము బయటికి రావాలి. సాధారణంగా చిన్న రంధ్రాల ద్వారా కెమెరాతో కీలును కడుగుతారు. ఒక్కోసారి రెండోసారీ కడగాల్సి వస్తుంది. యాంటీబయాటిక్ ముందు నరంలోకి, తర్వాత మాత్రలుగా, మొత్తం మీద నాలుగు నుంచి ఆరు వారాలు పడుతుంది. షుగర్ అదుపు తప్పితే ఇదంతా ఇంకా సాగుతుంది. కొన్నాళ్లు ఇన్సులిన్ అంటే వాదించకండి.

నెలల తరబడి సాగే బిగుతు, జ్వరం లేకుండా భుజం కండ కరిగిపోవడం ఉంటే క్షయను కూడా అనుమానిస్తాం. పెద్దవాళ్ల భుజంలో అది చీమూ వాపూ లేకుండా వచ్చి అచ్చం ఫ్రోజెన్ షోల్డర్‌లా కనిపిస్తుంది. మీ కథ ఎనిమిది రోజులదే కాబట్టి ఇప్పటికి నా దృష్టి అటు లేదు.

వ్యాయామాలు ఆపేయండి. కాపడం, మర్దన వద్దు. చేతిని స్లింగులో ఉంచండి. కొత్త యాంటీబయాటిక్ ఏదీ మీ అంతట మీరు మొదలుపెట్టవద్దు. వాడిన మాత్రల ఖాళీ స్ట్రిప్పులు, ఇంజెక్షన్ చీటీ వెంట తీసుకెళ్లి, చివరి మాత్ర ఎప్పుడు వేసుకున్నారో చెప్పండి. ఈలోగా మగత, ఆయాసం, మూత్రం తగ్గడం లాంటివి కనిపిస్తే ఓపీ టైము కోసం ఆగకుండా నేరుగా ఎమర్జెన్సీకి వెళ్లండి.